గాయాల సీజన్‌లో మీ బేస్‌బాల్ జట్టును వదలకుండా నిలబడడం ఎలా: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు సమగ్ర మార్గదర్శి

డాలస్ పరిసరాల్లోని ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో టెక్సస్ రేంజర్స్‌ను తమ జట్టుగా చేసుకున్నవారు చాలామంది ఉన్నారు. జట్టు గెలుస్తున్నంత కాలం వారు నన్ను ఏమీ అడగరు. ప్రధాన ఆటగాళ్లు ఒకరి వెంట ఒకరు గాయపడి, జూన్ నాటికే జట్టు పట్టికలో అడుగుకు చేరినప్పుడు మాత్రం ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది: "ఇంకా మూడు నెలల ఆట ఉంది, ఏం చూడమంటారు? పిల్లలకు ఏం చెప్పమంటారు?"

ఈ మార్గదర్శి ఆ ప్రశ్నకు సమాధానం. ఉదాహరణగా 2014 నాటి రేంజర్స్ సీజన్‌ను తీసుకుంటున్నాను. ఆ ఏడాది జట్టు 67 గెలిచి 95 ఓడింది, గాయాల కారణంగా ఏకంగా 64 మంది ఆటగాళ్లను బరిలోకి దింపవలసి వచ్చింది. అప్పటికి అది అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ లీగ్ చరిత్రలోనే రికార్డు. అంతకంటే కఠినమైన పాఠశాల నాకు తెలియదు. మీ జట్టు మరొకటైనా ఇక్కడి పద్ధతి మారదు.

1. ముందుగా ఓటమి లెక్కను సరిచేసుకోండి

క్రికెట్‌తో పెరిగిన మనకు బేస్‌బాల్‌లో మొదట తప్పేది ఈ లెక్కే. ఐపీఎల్ లీగ్ దశలో ఒక జట్టు 14 మ్యాచ్‌లు ఆడుతుంది కాబట్టి, వరుసగా నాలుగు ఓడితే సీజన్ చేజారినట్టే. బేస్‌బాల్ జట్టు ఆరు నెలల్లో 162 ఆటలు ఆడుతుంది, అందులో నాలుగు ఓటములు ఒక వారాంతంలో వచ్చిపోయే విషయం.

2014లో 95 ఆటలు ఓడిన రేంజర్స్, 2015లో 88 గెలిచి 74 ఓడి తమ విభాగమైన అమెరికన్ లీగ్ పశ్చిమ విభాగంలో మొదటి స్థానంలో నిలిచారు. అడుగున ఉన్న జట్టుకూ విభాగ విజేతకూ మధ్య తేడా 21 గెలుపులు మాత్రమే. దాదాపు 26 వారాల మీద పంచి చూస్తే వారానికి ఒక్క గెలుపు కూడా కాదు. విభాగ విజేత సైతం ప్రతి పదకొండు ఆటల్లో ఐదు ఓడుతుంది, కుదేలైన జట్టు సైతం ప్రతి ఐదింటిలో రెండు గెలుస్తుంది.

ఈ రెండు నిష్పత్తులను ఒక కాగితం మీద రాసి టీవీ పక్కన పెట్టుకోండి. ఓడిన రాత్రి "ఇక అయిపోయింది" అనిపించినప్పుడు చూసుకోవడానికి అది పనికివస్తుంది.

2. గాయాల పుస్తకం తయారు చేసుకోండి

అన్ని మెట్లలోకీ ముఖ్యమైనది ఇదే కాబట్టి దీనికి ఎక్కువ సమయం కేటాయించండి. అభిమానిని కుంగదీసేది గాయం కంటే ఆ గాయం గురించి ఏమీ తెలియకపోవడం. ఎవరు ఎప్పుడు తిరిగి వస్తారో తెలియనప్పుడు ప్రతిరోజూ ఎదురుచూసి ప్రతిరోజూ నిరాశపడతాం, ఆ నిరాశే నెల తిరిగేసరికి జట్టు మీద విసుగుగా మారుతుంది.

ఒక మామూలు నోటు పుస్తకంలో ఈ గడులు గీసుకోండి:

- ఆటగాడి పేరు, అతని స్థానం
- గాయమైన అవయవం
- గాయాల జాబితాలో చేరిన తేదీ, ఎన్ని రోజుల జాబితా
- ప్రస్తుతం ఏ దశలో ఉన్నాడు
- అతని స్థానంలో ఎవరు ఆడుతున్నారు

చివరి గడిని ఖాళీగా వదలకండి. నాలుగో మెట్టులో మన పనంతా దానితోనే.

జాబితాలను అర్థం చేసుకోవడం. బ్యాటర్లకు 10 రోజుల జాబితా, పిచ్చర్లకు (బంతి విసిరేవారికి) 15 రోజుల జాబితా ఉంటాయి. ఇవి కనీస గడువులే తప్ప కోలుకునే గడువులు కావు. పది రోజుల జాబితాలో చేరినవాడు పదకొండో రోజున వస్తాడని కాచుకొని కూర్చోవడం చాలామంది చేసే పొరపాటు. 60 రోజుల జాబితా వేరే సంగతి: అందులో చేర్చితే, జట్టు తన కోసం ఉంచుకునే 40 మంది ఆటగాళ్ల జాబితాలో ఒక చోటు ఖాళీ అవుతుంది, యాజమాన్యం ఆ చోటును కొత్త ఆటగాడికి ఇవ్వగలుగుతుంది. కాబట్టి ఒక ఆటగాణ్ని 60 రోజుల జాబితాకు మార్చారన్న వార్త కనిపిస్తే, అదే రోజు ఎవరిని తీసుకున్నారో కూడా వెతికి రాసుకోండి. ఎప్పుడు చేర్చినా, జాబితా తేదీని గరిష్ఠంగా మూడు రోజులు వెనక్కి జరిపే వీలుంది, లెక్కించేటప్పుడు దీన్ని మరవకండి.

దశలను అర్థం చేసుకోవడం. మోచేయి లేదా భుజం గాయంతో ఉన్న పిచ్చర్ సాధారణంగా ఈ వరుసలో తిరిగి వస్తాడు:

1. పూర్తి విశ్రాంతి
2. చదునైన నేల మీద తక్కువ దూరం విసరడం, తరువాత క్రమంగా దూరం పెంచడం
3. బుల్‌పెన్‌లోని (పిచ్చర్లు సాధన చేసే చోటు) మట్టి దిబ్బ మీద నుంచి విసరడం
4. సొంత జట్టు బ్యాటర్లకు బౌలింగ్ చేయడం
5. దిగువ స్థాయి లీగ్‌లో పునరావాస ఆటలు
6. జట్టులోకి పునఃప్రవేశం

పునరావాస ఆటలకు బ్యాటర్లకు 20 రోజులు, పిచ్చర్లకు 30 రోజులు గరిష్ఠ గడువు. మూడో దశ నుంచి రెండో దశకు వెనక్కి వెళ్లడం తరచుగా జరుగుతుంది. దాన్ని ఎర్ర సిరాతో రాసుకోండి కానీ మోసపోయినట్టు భావించకండి, ఎముకా స్నాయువూ మన క్యాలెండర్‌ను చూసి మానవు.

ప్రకటనల భాషను అర్థం చేసుకోవడం. "మోచేతిలో వాపు" అన్నది ఒక లక్షణం, రోగ నిర్ధారణ కాదు. 2014 ఆగస్టులో రేంజర్స్ పిచ్చర్ యూ దర్విష్ మోచేతి వాపుతో జాబితాలో చేరాడు. 2015 మార్చిలో అతనికి టామీ జాన్ శస్త్రచికిత్స జరిగింది, మళ్లీ జట్టు తరఫున ఆడింది 2016 మే చివరిలో. ఆ శస్త్రచికిత్సలో మోచేతిలో తెగిన స్నాయువు స్థానంలో శరీరంలోని మరోచోటి నుంచి తీసిన స్నాయువును అమర్చుతారు, కోలుకోవడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. మరో పిచ్చర్ మార్టిన్ పెరెజ్‌కు 2014 మేలో అదే చికిత్స జరిగితే 2015 జులైలో తిరిగి వచ్చాడు. అందువల్ల "టామీ జాన్" అన్న మాట వినగానే ఆ పేరు ఎదుట "వచ్చే ఏడాది" అని రాసి, ఎదురుచూపును అక్కడితో ఆపండి. "మరో వైద్యుని అభిప్రాయం తీసుకుంటున్నారు" అని చదివితే, చాలాసార్లు శస్త్రచికిత్స గురించి ఆలోచన మొదలైందని అర్థం.

3. సీజన్‌ను సిరీస్‌లుగా కోసుకోండి

జట్టు మొదటి స్థానం కంటే పదిహేను ఆటలు వెనకబడి ఉన్నప్పుడు విభాగపు పట్టికను రోజూ చూడడం పుండును రోజూ గిల్లుకోవడమే. ఆ పట్టికను వారానికి ఒక్కసారి, ఆదివారం మాత్రమే చూడండి.

దాని బదులు సిరీస్‌ను కొలమానంగా తీసుకోండి. ఒకే ప్రత్యర్థితో వరుసగా ఆడే, సాధారణంగా మూడు ఆటల ముక్కను సిరీస్ అంటారు. ఏడాదికి యాభైకి పైగా వస్తాయి. ప్రతి సిరీస్ ముందు పుస్తకంలో రెండు వాక్యాలు రాసుకోండి: ఈ మూడు రోజుల్లో నేను ఏ పిచ్చర్‌ను గమనిస్తాను, ఏ ఒక్క విషయం మెరుగుపడాలని కోరుకుంటాను. సిరీస్ ముగిశాక ఒక వాక్యం చేర్చండి.

కోరికను గెలుపోటములతో ముడిపెట్టకండి. "కొత్త పిచ్చర్ ఐదు ఇన్నింగ్స్ (ఆటలో మొత్తం తొమ్మిది) పూర్తిచేయాలి", "క్యాచర్ (బ్యాటర్ వెనక ఉండి బంతి అందుకునేవాడు) బేస్ దొంగిలించబోయినవాణ్ని ఒక్కసారైనా అడ్డుకోవాలి" వంటివి సరైన కోరికలు. ఇవి ఓడిన ఆటలోనూ నెరవేరవచ్చు.

4. బదులు వచ్చినవారిలో ఇద్దరిని మీవాళ్లుగా చేసుకోండి

మీ పుస్తకంలోని చివరి గడిని తెరవండి. గాయపడినవారి స్థానాల్లో వచ్చిన ఆటగాళ్లలో ఒక పిచ్చర్‌ను, ఒక బ్యాటర్‌ను ఎంచుకొని, సీజన్ చివరి వరకు వారిని వదలకండి.

2014లో ఈ పని చేసినవారికి ఆ సీజన్ వృథా కాలేదు. జురిక్సన్ ప్రొఫార్ భుజం గాయంతో ఏడాదంతా దూరమైతే, సెకండ్ బేస్‌కు మే నెలలో ఇరవయ్యేళ్ల రూగ్నెడ్ ఓడోర్ వచ్చాడు. క్యాచర్ జియోవనీ సోటో మోకాలి గాయంతో తప్పుకుంటే, రాబిన్సన్ చిరినోస్‌కు తొలిసారి నిలకడైన అవకాశం దక్కింది. పిచ్చర్ల కొరత వల్ల నిక్ మార్టినెజ్ ట్రిపుల్ ఏ స్థాయిని (పెద్ద లీగ్‌కు ఒక మెట్టు కిందిది) దాటవేసి నేరుగా పెద్ద లీగ్‌లో అడుగుపెట్టాడు. మరుసటి ఏడాది విభాగాన్ని గెలిచిన జట్టులో ఈ ముగ్గురూ ఉన్నారు, కానీ దర్విష్ ఒక్క ఆట కూడా ఆడలేదు. జట్టు అంటే జనవరిలో మనం ఊహించుకున్న పేర్ల పట్టీ కాదని నాకు ఆ రెండేళ్లు నేర్పాయి.

గమనించడానికి ఉత్తమ సాధనం స్కోరు కార్డు. ఫోన్ పక్కన పెట్టి పెన్సిల్‌తో నింపండి. స్థానాల అంకెలు ఇవి: పిచ్చర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, లెఫ్ట్ ఫీల్డ్ 7, సెంటర్ ఫీల్డ్ 8, రైట్ ఫీల్డ్ 9. షార్ట్‌స్టాప్ బంతిని అందుకొని సెకండ్ బేస్‌కు, అక్కడి నుంచి ఫస్ట్ బేస్‌కు విసిరి ఇద్దరిని ఔట్ చేస్తే 6-4-3 అని రాస్తారు. మొదటి వారం చేయి తడబడుతుంది, మూడో వారానికి అలవాటవుతుంది. పదేళ్లు దాటిన పిల్లలకు ఈ పని అప్పగిస్తే, 9-1 తేడాతో ఓడుతున్న ఆటలో కూడా లేచి వెళ్లరు.

5. చూసే సమయాన్ని ముందే నిర్ణయించుకోండి

విధేయత అంటే 162 ఆటలూ చూడడం కాదు. వరుస ఓటముల్లో అన్నీ చూడాలని పట్టుబట్టినవారే జులైలో పూర్తిగా మానేస్తారు. వారానికి రెండు ఆటలు పూర్తిగా, మరో రెండు స్కోరు వరకు చాలు. వాటిలో ఒకటి మీరు ఎంచుకున్న పిచ్చర్ ఆడే రోజు కావాలి. ప్రారంభ పిచ్చర్లు ఐదారు రోజులకు ఒకసారి ఆడతారు కాబట్టి ఆ రోజును ముందే తెలుసుకోవచ్చు.

హైదరాబాద్, విజయవాడల నుంచి చూసేవారు ఈ సమయాలను గుర్తుంచుకోండి. వేసవిలో డాలస్ సాయంత్రం 7:05కు మొదలయ్యే ఆట మనకు మరుసటి ఉదయం 5:35కు వస్తుంది. మధ్యాహ్నం 1:35 ఆట అర్ధరాత్రి దాటి 12:05కు వస్తుంది. ఉదయపు ఆటలను ఎంచుకోండి, ఆఫీసుకు బయలుదేరేలోపు ముగుస్తాయి. అర్ధరాత్రి ఆటలను మాత్రం ఆరోగ్యం పణంగా పెట్టి చూడకండి. ఓటమికి నిద్రలేమి తోడైతే ఆ కోపం ఇంట్లోవారి మీద పడుతుంది.

6. ఖర్చును మైదానం వైపు మళ్లించండి

ఓడుతున్న జట్టు టిక్కెట్లు పునర్విక్రయంలో సాధారణంగా చవకగా దొరుకుతాయి. గెలిచే ఏడాది పై అంతస్తులో కూర్చునే కుటుంబం ఈ ఏడాది అదే డబ్బుతో మైదానానికి దగ్గరగా కూర్చోవచ్చు. ముందుగా కొనకుండా ఆట రోజు వరకు ఆగండి, పార్కింగ్ ఖర్చును మాత్రం ముందే లెక్కలో కలుపుకోండి. ఆర్లింగ్టన్‌లోని ప్రస్తుత మైదానం గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కు 2020 నుంచి మూసుకునే పైకప్పు ఉంది కాబట్టి, చంటిపిల్లలతో జులైలో వెళ్లడానికీ వెనకాడనక్కర్లేదు.

ఫ్రిస్కోలో ఉండేవారికి మరో వరం ఉంది. రేంజర్స్‌కు డబుల్ ఏ స్థాయి (పెద్ద లీగ్‌కు రెండు మెట్లు కింద) జట్టయిన ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ మన వీధుల మధ్యనే ఆడుతుంది. రేపటి రేంజర్స్ ఆటగాళ్లను అక్కడ కొన్ని అడుగుల దూరం నుంచి చూడవచ్చు. గాయం నుంచి కోలుకుంటున్నవారు కూడా పునరావాస ఆటలకు అక్కడికి వస్తుంటారు. మీ పుస్తకంలో ఎవరైనా ఐదో దశకు చేరినట్టు రాసుకున్న రోజున వారి షెడ్యూలు చూడండి. నెలల తరబడి ఎదురుచూసిన ఆటగాడు మొదటి బంతి విసిరే క్షణాన్ని చిన్న మైదానంలో చూడడం కంటే ఈ సీజన్ మీకు ఇవ్వగలిగిన మంచి సాయంత్రం లేదు.

7. జులై చివరి వారానికి సిద్ధపడండి

ఆటగాళ్ల మార్పిడి గడువు జులై చివరిలో లేదా ఆగస్టు మొదట్లో వస్తుంది. ఓడుతున్న జట్టు తన మంచి ఆటగాళ్లను గెలుస్తున్న జట్లకు ఇచ్చి, కుర్రవాళ్లను తీసుకుంటుంది. అభిమానులు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే.

ముందు జాగ్రత్తగా జులై 15 నాటికి, ఒప్పందం ఆ ఏడాదితో ముగిసే ఆటగాళ్ల పేర్లు రాసుకోండి. వెళ్లే అవకాశం ఎక్కువగా వారికే ఉంటుంది. ఎవరైనా వెళ్లాక, బదులుగా వచ్చినవారి పేర్ల కింద గీత గీసి రెండేళ్లు అనుసరించండి.

ఇది ఎందుకు చేయాలో ఒక గొలుసు చూస్తే తెలుస్తుంది. 2014 జులైలో రేంజర్స్ తమ చివరి ఇన్నింగ్స్ పిచ్చర్ హోకిమ్ సొరియాను డెట్రాయిట్‌కు పంపి, కోరీ నేబెల్, జేక్ థాంప్సన్ అనే ఇద్దరు యువ పిచ్చర్లను తెచ్చుకున్నారు. అప్పుడు ఆ పేర్లు చాలామందికి తెలియవు. 2015 జనవరిలో నేబెల్‌తో కలిపి మరికొందరిని ఇచ్చి మిల్వాకీ నుంచి యోవానీ గయార్డోను తెచ్చారు. అదే ఏడాది జులై 31న థాంప్సన్‌తో కలిపి మరికొందరిని ఇచ్చి ఫిలడెల్ఫియా నుంచి కోల్ హామెల్స్‌ను తెచ్చారు. ఆ ఇద్దరూ 2015 విభాగ విజయంలో ప్రధాన పాత్ర పోషించారు. 2014 జులైలో టీవీ కట్టేసినవారికి ఈ గొలుసులో మొదటి కొక్కెం కనబడలేదు.

8. సెప్టెంబరును వదలకండి

సెప్టెంబరులో జట్టు పరిమాణం 26 నుంచి 28కి పెరుగుతుంది, కొత్త ముఖాలు వస్తాయి. 2014లో సెప్టెంబరు 5న మేనేజర్ (జట్టు ప్రధాన కోచ్) రాన్ వాషింగ్టన్ రాజీనామా చేశారు. టిమ్ బోగర్ తాత్కాలికంగా పగ్గాలు చేపట్టిన తరువాతి 22 ఆటల్లో జట్టు 14 గెలిచింది. ఆ మూడు వారాలు నేను చూసిన అత్యంత సంతోషకరమైన బేస్‌బాల్‌లో ఒకటి, పట్టికలో దానికి ఏ విలువా లేకపోయినా.

"ఓడితే మంచి డ్రాఫ్ట్ స్థానం వస్తుంది" అని ఓటమిని కోరుకోవద్దు. (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడమే డ్రాఫ్ట్.) ఇప్పుడు తొలి ఆరు స్థానాలు లాటరీలో తేలతాయి, అడుగున ఉన్న మూడు జట్లకు మొదటి స్థానం దక్కే అవకాశం ఒక్కొక్కదానికి 16.5 శాతమే. 2014 ఓటముల వల్ల రేంజర్స్‌కు నాలుగో ఎంపిక వచ్చింది. దానితో తీసుకున్న డిలన్ టేట్ రేంజర్స్ తరఫున పెద్ద లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడకముందే 2016లో మరో జట్టుకు వెళ్లాడు.

9. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

గాయపడిన ఆటగాణ్ని సోమరి అనడం. రేంజర్స్ బ్యాటర్ ప్రిన్స్ ఫీల్డర్ 2014లో 42 ఆటలే ఆడి మెడకు శస్త్రచికిత్స చేయించుకున్నప్పుడు అతని శరీరాకృతి మీద చాలా మాటలు వినబడ్డాయి. గాయానికి ముందు అతను వరుసగా 547 ఆటలు ఒక్కటీ తప్పకుండా ఆడాడు. 2015లో తిరిగి వచ్చి .305 సగటుతో (పది ప్రయత్నాల్లో సుమారు మూడు హిట్‌లు) ఆడాడు. 2016లో అదే మెడకు రెండో శస్త్రచికిత్స జరిగి ఆటకే దూరమయ్యాడు. పిల్లల ముందు ఇలాంటి మాట దొర్లితే, మరునాడు వారి ముందే వెనక్కి తీసుకోండి.

యాజమాన్యాన్ని సమర్థించడమే విధేయత అనుకోవడం. పిచ్చర్లను అతిగా వాడారనిపిస్తే అనండి. జట్టును ప్రేమించడానికి నిర్ణయాలన్నింటినీ మోయనక్కర్లేదు.

గెలుస్తున్న జట్టును "ఈ ఏడాదికి మాత్రమే" అరువు తెచ్చుకోవడం. మరో జట్టు ఆటను ఆనందంగా చూడండి, కానీ పుస్తకం ఒక్కటే ఉండనివ్వండి.

అందరూ తిరిగి వస్తే అంతా బాగుపడుతుందని నమ్మడం. తిరిగి వచ్చిన పిచ్చర్ వేగం, నియంత్రణ కుదురుకోవడానికి వారాలు పడుతుంది. మొదటి ఐదు ఆటల వరకు అతని గణాంకాలు చూడకండి.

10. ప్రతి ఆదివారం సరిచూసుకోవలసిన పట్టీ

- గాయాల పుస్తకంలో దశలు సవరించారా?
- కొత్తగా 60 రోజుల జాబితాకు ఎవరైనా మారారా, బదులు ఎవరు వచ్చారు?
- గడిచిన రెండు సిరీస్‌లకు ఒక్కో వాక్యం రాశారా?
- ఎంచుకున్న ఇద్దరిలో ఈ వారం గమనించిన మార్పు ఏమిటి?
- వచ్చే వారం చూడబోయే రెండు ఆటలు గుర్తుపెట్టుకున్నారా?
- ఫ్రిస్కోలో పునరావాస ఆట ఏదైనా ఉందా?

సీజన్ చివరి ఆట ముగిసిన రాత్రి, పుస్తకం చివరి పేజీలో మూడు పేర్లు రాయండి: తిరిగి వస్తారని ఎదురుచూసే ఒకరు, బదులుగా వచ్చి నిలబడతారనుకునే ఒకరు, మార్పిడిలో వచ్చి ఇంకా ఆడని ఒకరు. ఫిబ్రవరి మధ్యలో రేంజర్స్ పిచ్చర్లు, క్యాచర్లు అరిజోనాలోని సర్‌ప్రైజ్ పట్టణానికి శిక్షణకు చేరుకుంటారు. ఆ రోజు ఉదయం ముందుగా ఈ మూడు పేర్లే వెతకండి.